‘బ్లూ’, ‘స్వాలో’ పదాల నానార్థాలు: బహ్వర్థకత, సమరూపత - అనువాద విమర్శ

వ్యాస సంగ్రహం:
ఒక పదానికి ఒకటికి మించిన అర్థాలుంటే వాటిని ‘నానార్థాలు’ అనే ఒకే శీర్షిక కింద చేర్చడం తెలుగు బోధనలో పరిపాటి. ఆ అర్థాలు ఒకే మూలం నుంచి కొమ్మలుగా చీలినవా, వేర్వేరు మూలాల నుంచి వచ్చి ఒకే రూపంలో కలిసినవా అన్న విచక్షణకు ఈ పద్ధతిలో చోటు దొరకదు. ఇంగ్లీషులోని ‘బ్లూ’ మొదటి కోవకూ, ‘స్వాలో’ రెండో కోవకూ చక్కని ఉదాహరణలు. ఈ రెండు పదాల అర్థచరిత్రను పరిశీలించి, వాటికి తెలుగులో సమీపంగా ఉన్న ‘నీలం’, ‘మింగు’ పదాల అర్థవ్యాప్తితో పోల్చి, అనువాదకుడు ఈ రెండు సందర్భాల్లో రెండు వేర్వేరు పనులు చేయవలసి ఉంటుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నానార్థాలు, బహ్వర్థకత, సమరూపత, శ్లేష, అర్థవిపరిణామం, అనువాదం, నిఘంటు నిర్మాణం.

1. ఉపోద్ఘాతం:
అమరకోశం తృతీయకాండలోని నానార్థవర్గం మొదలుకొని నేటి పాఠ్యపుస్తకాల వరకు నానార్థాలను జాబితాగా ఇవ్వడమే సంప్రదాయం. ‘హరి’ అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం అని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ‘హరి’ శబ్దానికి పింగళవర్ణం అనే అర్థం ఉందనీ, సింహానికీ కోతికీ గుర్రానికీ ఆ పేరు రావడం వెనుక ఆ రంగు ఉందనీ జాబితా చెప్పదు. అంటే అర్థాలు అందుతాయి గాని, వాటి మధ్య బంధుత్వం అందదు.

దీనికి భిన్నమైన స్థితి ‘కారు’ అనే పదానిది. కారుచీకటిలోని ‘కారు’ నలుపును సూచిస్తుంది. నీరు కారడంలోని ‘కారు’ క్రియ. రోడ్డు మీద నడిచే ‘కారు’ ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఈ మూడింటికీ రూపంలో పోలిక తప్ప మరే సంబంధమూ లేదు. ‘హరి’, ‘కారు’ రెండింటినీ ఒకే పట్టికలో చేర్చినప్పుడు జరిగే నష్టం పరీక్షల వరకే పరిమితమైతే అంతగా చర్చించనవసరం లేదు. ఆ నష్టం అనువాదంలోకీ, నిఘంటు నిర్మాణంలోకీ, కావ్యవిమర్శలోకీ ప్రవేశిస్తుంది కనుకనే చర్చ అవసరమవుతోంది.

2. బహ్వర్థకత - సమరూపత:
ఒకే పదం కాలక్రమంలో పలు అర్థాలను సంతరించుకోవడం బహ్వర్థకత. ఈ భావనకు ఆధునిక భాషాశాస్త్రంలో పేరుపెట్టినవాడు ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రేయల్. 1897లో వెలువడిన అర్థవిజ్ఞాన గ్రంథంలో ఆయన దీనిని భాషాజీవనంలో సహజమైన పరిణామంగా వివరించాడు. కొత్త అర్థం వచ్చినంత మాత్రాన పాతది చెరిగిపోదు. రెండూ పక్కపక్కనే కొనసాగుతాయి. వేర్వేరు పదాలు ధ్వనిపరిణామం వల్లనో, ఆదానం వల్లనో ఒకే రూపానికి చేరడం సమరూపత.

భారతీయ శబ్దచింతనకు ఈ సమస్య కొత్తది కాదు. శబ్దం ఒకటే, అర్థాలే అనేకం అన్న పక్షాన్నీ, అర్థం మారితే శబ్దమూ మారినట్లే అన్న పక్షాన్నీ వాక్యపదీయంలో భర్తృహరి చర్చించాడు. అనేకార్థాలున్న శబ్దానికి ప్రకృతార్థం నిర్ణయించడానికి సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం, ఔచితి, దేశం, కాలం మొదలైనవాటిని సాధనాలుగా పేర్కొన్నాడు. వీటిలో దేశకాలాలు ఉండడం గమనార్హం. ‘బ్లూ’ విషయంలో ఈ రెండూ లేకుండా అర్థనిర్ణయం సాధ్యం కాదు.

3. ‘బ్లూ’ - ఒకే మూలం, అనేక దారులు:
‘బ్లూ’ ఇంగ్లీషుకు ప్రాచీన ఫ్రెంచి ద్వారా వచ్చిన పదం. ఆ ఫ్రెంచి పదానికి మూలం మళ్లీ జర్మానిక్ భాషల్లోనే ఉంది. రంగు దీని ప్రధానార్థం. మిగతా అర్థాలన్నీ రంగు నుంచో, ఆ రంగున్న వస్తువు నుంచో బయలుదేరినవే. అయితే ఆ దారులు ఊహకు అందేవి కావు. సామాజిక చరిత్ర తెలిస్తేనే అవి కనిపిస్తాయి.

3.1 వస్తువు నుంచి వచ్చిన అర్థాలు: 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ముద్రణ పద్ధతిలో నీలి నేపథ్యం మీద తెల్లని గీతలు ఏర్పడేవి. కట్టడాల నమూనాలకు ఆ పద్ధతి వాడడంతో ‘బ్లూప్రింట్’ పుట్టింది. తరువాత నీలిరంగు పోయినా పేరు మిగిలి, ఏ ప్రణాళికకైనా వర్తించింది. పేకాట పందెంలో ఎక్కువ విలువ గల నీలి బిళ్ల నుంచి ‘బ్లూ చిప్’ షేర్ మార్కెట్‌కు చేరింది. కార్మికుల చొక్కా రంగు నుంచి ‘బ్లూ కాలర్’ వచ్చింది. 18వ శతాబ్దపు లండన్‌లో ఎలిజబెత్ మాంటేగు నిర్వహించిన సాహిత్యగోష్ఠులకు బెంజమిన్ స్టిలింగ్‌ఫ్లీట్ నీలి ఉన్ని మేజోళ్లతో హాజరయ్యేవాడు. అక్కడినుంచి ‘బ్లూస్టాకింగ్’ విదుషీమణికి పేరయింది, క్రమంగా ఎగతాళి మాటగానూ మారింది. మేజోళ్లు పురుషునివి, నింద స్త్రీలది. ఒక పదం అర్థం మారే తీరులో సమాజపు పక్షపాతం ఎంత స్పష్టంగా నమోదవుతుందో చెప్పడానికి ఇది మంచి నిదర్శనం.

3.2 మనఃస్థితి: దిగులు పుట్టించే భూతాలను ‘బ్లూ డెవిల్స్’ అనేవారు. ‘బ్లూస్’ దాని సంక్షిప్తరూపం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని నల్లజాతి ప్రజల జీవితం నుంచి పుట్టిన సంగీతానికి అదే పేరు స్థిరపడింది. డబ్ల్యు. సి. హ్యాండీ ‘మెంఫిస్ బ్లూస్’ 1912లో అచ్చయింది. దీనిని ‘విషాదగీతాలు’ అంటే ఒక జాతి చరిత్ర జారిపోతుంది, ‘నీలిగీతాలు’ అంటే తెలుగు పాఠకుడికి దిగులు స్ఫురించదు. ఇక్కడ మూలపదాన్ని ఉన్నదున్నట్లు ఉంచడమే సరైన అనువాదం.

3.3 పరస్పర విరుద్ధార్థాలు: అమెరికా వలసరాజ్యాల కాలం నుంచి ఆదివారం నాడు వ్యాపార వినోదాలను నిషేధించిన శాసనాలను ‘బ్లూ లాస్’ అంటారు. అశ్లీల చలనచిత్రం ‘బ్లూ ఫిల్మ్’. ఒకే విశేషణం కఠిన నీతినీ, నీతిరాహిత్యాన్నీ చెబుతోంది. అలాగే ‘బ్లూ బ్లడ్’ కులీనవంశాన్ని సూచిస్తే, ‘బ్లూ కాలర్’ శ్రామికవర్గాన్ని సూచిస్తుంది. ‘బ్లూ’ ఒక్కదాని అర్థం ఏమిటన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు. ఏ పదం పక్కన ఉన్నదన్నదే ప్రశ్న. భర్తృహరి చెప్పిన శబ్దాంతరసన్నిధి అంటే ఇదే.

4. ‘స్వాలో’ - రెండు మూలాలు, ఒకే రూపం:
ప్రాచీన ఇంగ్లీషులో పక్షి పేరు ‘స్వెయల్వె’, మింగడం అనే క్రియ ‘స్వెల్గన్’. ఇవి వేర్వేరు పదాలు. ధ్వనులు మారుతూ వచ్చి నేటి ఇంగ్లీషులో రెండూ ‘స్వాలో’ అయ్యాయి. సోదరభాష జర్మన్‌లో పక్షి ‘ష్వాల్బె’గా, క్రియ ‘ష్వెల్గెన్’గా ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి. జర్మన్ క్రియకు భోగాల్లో మునిగితేలడం అనే అర్థం ఏర్పడింది. కనుక ఇంగ్లీషులో పక్షికీ మింగడానికీ ఉన్న సామ్యం యాదృచ్ఛికమే. ఈ పక్షి ఎగురుతూనే పురుగులను నోట కరచుకుంటుంది కాబట్టి మింగడం నుంచే దానికి పేరు వచ్చిందని ఎవరికైనా తోచవచ్చు. అది లోకవ్యుత్పత్తి మాత్రమే, చరిత్ర కాదు.

రెండు పదాలుగా విడదీశాక, క్రియ వైపు మళ్లీ బహ్వర్థకత కనిపిస్తుంది. ఆహారాన్ని మింగడం, కోపాన్నీ అహంకారాన్నీ అణచుకోవడం, కట్టుకథను విచారించకుండా నమ్మడం, సముద్రం ఓడను తనలో కలుపుకోవడం - ఇవన్నీ లోపలికి తీసుకోవడమనే ఒకే భావన కొమ్మలు. నామవాచకంగా ‘ఒక గుక్క’ అనే అర్థం కూడా ఈ శాఖలోదే.

పక్షి వైపున్న సమస్య వేరు. ఒక్క పక్షి కనిపించినంతలో ఋతువు మారిందనుకోరాదన్న సామెతను అరిస్టాటిల్ నీతిశాస్త్ర గ్రంథంలో వాడాడు. గ్రీకులో ఆ ఋతువు వసంతం. ఇంగ్లీషు సామెతలో అది వేసవి. దేశం మారితే ఋతువు మారిందన్నమాట. తెలుగులో ఈ పక్షికి ‘వానకోవెల’ అనే పేరుంది. ‘ఒక్క వానకోవెలతో వేసవి రాదు’ అని అనువదిస్తే పక్షి పేరులోని వాన, వాక్యంలోని వేసవి పరస్పరం ఢీకొంటాయి. పైగా ఈ జాతి పక్షులు దక్షిణ భారతానికి శీతకాలపు అతిథులు. ఇంగ్లండులో కోరుకునే వేసవి తెలుగునేలపై ఎండలకు భయపడే కాలం. పదానికి పదం సరిపోయినా వాక్యం తప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఒక్క ఆనవాలుతో నిర్ధారణకు రాకూడదన్న తాత్పర్యమే అనువాదకుడికి శరణ్యం.

5. తెలుగులో ‘నీలం’, ‘మింగు’:
‘నీలం’ సంస్కృతం నుంచి వచ్చిన పదం. దీని పరిధిలో నలుపు కూడా ఉంది. ‘నీలవేణి’ అంటే నల్లని జడ గలది. దీనిని ఇంగ్లీషులోకి ‘బ్లూ’తో తెస్తే పాత్ర స్వరూపమే మారిపోతుంది. ‘నీలాపనింద’, ‘నీలివార్త’ మాటల్లో ఈ రంగు అసత్యాన్ని సూచిస్తుంది. ఇంగ్లీషు ‘బ్లూ’కు ఆ ఛాయ లేదు. ‘నీలిచిత్రం’ మాత్రం ఇంగ్లీషు సమాసానికి అనుకరణ. అంబేడ్కర్ ఉద్యమ ప్రభావంతో ‘నీలిజెండా’ దళిత ఆత్మగౌరవ చిహ్నమైంది. అసత్యం, అశ్లీలం, ఆత్మగౌరవం - ఒక్క విశేషణంలో మూడు చరిత్రలు ఉన్నాయి. దళిత కవిత్వంలోని నీలాన్ని ‘బ్లూ’ అని అనువదించి వదిలేస్తే ఇంగ్లీషు పాఠకుడు దిగులును ఊహించే ప్రమాదం ఉంది. అక్కడ ఉన్నది ధిక్కారం.

‘మింగు’ క్రియ కొంతదూరం ఇంగ్లీషుతో కలిసి నడుస్తుంది. దుఃఖాన్ని దిగమింగడం రెండు భాషల్లోనూ ఉంది. ఆ తరువాత దారులు చీలుతాయి. తెలుగులో సొమ్ము మింగడమంటే కాజేయడం. ఇంగ్లీషులో కథను మింగడమంటే గుడ్డిగా నమ్మడం. ‘అతని కథను ఆమె మింగింది’ అన్న వాక్యం తెలుగు కాదు. ఇక ఈ రెండు పదాలూ ఒకచోట కలిసే ఘట్టం నీలకంఠుడిది. హాలాహలాన్ని మింగక, కక్కక గొంతులో నిలుపుకోవడం వల్ల ఆ కంఠం నీలమైంది. ‘మింగలేక కక్కలేక’ అన్న నుడికారం విన్న తెలుగు పాఠకుడికి ఈ కథ స్ఫురించే అవకాశం ఉంది. ఇంగ్లీషు ‘బ్లూ’, ‘స్వాలో’ల మధ్య ఇటువంటి పురాణబంధం లేదు. పదాలను జత చేయవచ్చు గాని, వాటి వెనుకనున్న స్మృతిని జత చేయలేము.

6. శ్లేషవిమర్శ దృష్టి:
శ్లేషను వివరించడానికి ఆలంకారికులు రెండు న్యాయాలు చెప్పారు. లక్క, కర్ర అతుక్కున్నట్లు రెండు శబ్దాలు కలిసి ఒక్కటిగా కనిపించడం జతుకాష్ఠన్యాయం. ఒకే తొడిమకు రెండు పళ్లున్నట్లు ఒకే శబ్దాన్ని రెండు అర్థాలు ఆశ్రయించడం ఏకవృంతగత ఫలద్వయన్యాయం. మొదటిది సభంగశ్లేషకూ, రెండోది అభంగశ్లేషకూ చెప్పినవి. పింగళి సూరన రాఘవపాండవీయం వంటి ద్వ్యర్థికావ్యాలను చదివే పద్ధతికి ఇవి పునాది. పదవిభాగం ప్రసక్తి లేకపోయినా, మూలభేదాన్ని బట్టి వీటిని నానార్థ చర్చకు అన్వయించవచ్చు. ‘స్వాలో’ లక్క, కర్ర కలయిక. ‘బ్లూ’ ఒకే తొడిమ పళ్లు.

ఈ అన్వయానికి ఒక పరిమితి ఉంది. మూలం ఒకటైనా, ‘బ్లూ లాస్’కూ ‘బ్లూస్’కూ మధ్య బంధుత్వం సామాన్య వక్తకు తెలియదు. చరిత్రలో ఒకటైనవి వ్యవహారంలో విడిపోవచ్చు. మూలాలు వేరైనా, చమత్కారం కోసం ‘ఒక్క స్వాలో’ అన్న మాటలో పక్షినీ, మద్యం గుక్కనూ ఒకేసారి స్ఫురింపజేయవచ్చు. చరిత్రలో వేరైనవి ఉక్తిలో కలవవచ్చు. కనుక వ్యుత్పత్తి, వ్యవహారం రెండింటినీ చూసిన తరువాతనే విమర్శకుడు నిర్ణయానికి రావాలి.

7. ముగింపు:
• సమరూప పదం ఎదురైనప్పుడు అనువాదకుడి పని ఎంపిక. పక్షియా, మింగడమా అని తేల్చుకుంటే చాలు. రెండోదాన్ని వదిలేయడం వల్ల నష్టం లేదు, శ్లేష ఉన్నచోట తప్ప.
• బహ్వర్థక పదం విషయంలో ఎంపిక చాలదు. ఒక అర్థాన్ని తెచ్చినప్పుడు పక్కనున్న అర్థాల ఛాయలలో ఏది నిలిచిందో, ఏది పోయిందో తూచి చూడాలి.
• ద్విభాషా నిఘంటువులలో సమరూపాలను వేర్వేరు ఆరోపాలుగా, బహ్వర్థాలను ఒకే ఆరోపం కింద క్రమపరిణామంతో చూపడం అవసరం.
• నానార్థాల బోధనలో పదానికి ఎన్ని అర్థాలున్నాయన్న ప్రశ్నతోపాటు, అవి ఒకదానికొకటి ఏమవుతాయన్న ప్రశ్న కూడా చేరితే జాబితా పాఠం భాషాచరిత్ర పాఠమవుతుంది.