కాలు తీస్తేనే కదలిక

బండి దిగబడిందని ఎవరైనా పిలిస్తే, వెళ్లగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: చక్రం ఉన్నచోటే తిరుగుతోందని తెలిశాక ఇంకెంతసేపు తొక్కారు? తర్వాతి పనంతా ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. వెంటనే కాలు తీసేసి ఉంటే పావుగంటలో బయటపడొచ్చు. ఇంకొంచెం తొక్కితే వచ్చేస్తుందిలే అనుకుంటే చక్రం మరో జానెడు లోతుకు పోతుంది, బండి అడుగు నేలకు ఆనుతుంది. అప్పుడు బరువు చక్రాల మీద ఉండదు. బరువు లేని చక్రానికి పట్టు దొరకదు. ఇక పూటంతా అక్కడే.

ఆటోమేటిక్ ఫోర్ వీల్ డ్రైవ్ వచ్చాక ఈ నిగ్రహం మరింత అవసరమైందని నా నమ్మకం. ఒకప్పటి జీపులో గేరు రాడ్ పక్కన ఇంకో రాడ్ ఉండేది. బురద కనిపించగానే దాన్ని వేయాలా వద్దా అని డ్రైవరే తేల్చుకునేవాడు. 2014లో మన దేశానికి వచ్చిన రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్‌లో రాడ్ పోయి నాబ్ వచ్చింది. అందులో టూ వీల్, ఆటో, లాక్ అని మూడు స్థానాలు. ఆటోలో ఉంచితే మామూలు దారిలో ముందు చక్రాలే లాగుతాయి. అవి జారితే సెన్సర్లు కనిపెట్టి, మధ్యలోని క్లచ్ ప్లేట్లను బిగించి, వెనక చక్రాలకూ శక్తి పంపుతాయి. వాన రోడ్డు మీద ఇది చక్కటి ఏర్పాటు. కానీ మెత్తటి నేలలో ఆ తొలి జారుడే గొయ్యి తవ్వేస్తుంది. యంత్రానికి చక్రం జారాక తెలిసేది, మనిషి కంటికి పది గజాల ముందే తెలుస్తుంది. అందుకే బురదలోకి దిగకముందే లాక్‌లో పెట్టాలి. పైగా ఆ ప్లేట్లు ఎక్కువసేపు జారుతూ ఉంటే వేడెక్కుతాయి. వేడి మీరితే, పాడవకుండా ఉండేందుకు ఆ వ్యవస్థ వెనక చక్రాలను వదిలేస్తుంది. సరిగ్గా అవి కావలసిన వేళకే!

2020లో వచ్చిన కొత్త థార్, 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ మరో తరహావి. వీటిలో ఫోర్ వీల్‌కు, లో రేంజ్‌కు రాడ్ ఉంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు కూడా దొరుకుతుంది. దిగబడిన బండిని కదపడానికి ఈ జోడీ నాకు ఎంతో ఇష్టం. ఇంజన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్‌లోని నూనె శక్తిని మోస్తుంది కాబట్టి చక్రానికి కుదుపు లేకుండా బలం అందుతుంది. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద తంటాలు పడి, ప్లేటు మాడిన వాసన వచ్చే చోట, ఇక్కడ బ్రేకు మీది నుంచి కాలు మెల్లగా తీస్తే చాలు, బండి పాకుతుంది. బండిని డీలోకి, ఆర్‌లోకి మార్చి ముందుకూ వెనక్కూ ఊపేటప్పుడు మాత్రం చక్రాలు పూర్తిగా ఆగాకే మార్చాలి. కదలిక లేకపోతే నాలుగైదు ఊపులతో ఆపేయాలి. గేర్‌బాక్సులోని నూనె కాగిపోతే అడవిలో దానికి వైద్యం లేదు.

కాలు తీశాక చేయాల్సింది కిందికి దిగి నేలను చూడటం. కర్నూలు వైపు నల్లరేగడి డొంకలో ఒక ట్రాక్టర్ డ్రైవర్ చేసిన పని నాకు పాఠంగా నిలిచింది. గొలుసు తీయకముందే అతను బండి చుట్టూ నడిచాడు, మడమతో నేలను అక్కడక్కడా తొక్కి చూశాడు. “ముందుకొద్దన్నా, వచ్చిన దోవే గట్టిది” అన్నాడు. అది మంచి లెక్క. అంతదాకా బండిని మోసిన నేల వెనకే ఉంది, ముందున్నది ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

నేలను బట్టి పద్ధతి మారుతుంది. తడిసిన నల్లరేగడి ఉబ్బి, ముద్దగా టైరుకు పట్టుకుంటుంది. గాళ్లన్నీ పూడిపోయి కొత్త టైరు కూడా నున్నగా అరిగిన టైరులా అయిపోతుంది. ఎర్ర చెలకలో చాలాచోట్ల కొద్ది లోతులోనే మొరం తగులుతుంది, కాస్త ఓపిక పడితే పట్టు దొరుకుతుంది. ఇసుకలోనైతే టైర్లలో గాలి తగ్గించడమే మొదటి మందు. రోడ్డు మీద ముప్ఫై పైచిలుకు పీఎస్‌ఐ ఉండే గాలిని పదహారు, పద్దెనిమిదికి దించితే టైరు పొడవుగా పరుచుకుని, బరువు ఎక్కువ నేల మీదికి పంచుతుంది. అంతకన్నా బాగా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి పట్టాలి. ఇసుకలోనే ఇంకో సంగతి: చక్రం జారగానే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ శక్తిని కోసేస్తుంది, ఊపు చచ్చిపోతుంది. దాన్ని ఆపే బటన్ ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

తర్వాత పార. సైనిక వాహనాలను లాగేవాళ్లు ఒక లెక్క వాడతారు. చక్రాల లోతు దిగబడిన బండిని లాగడానికి దాదాపు దాని బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా మునిగితే దానికి రెట్టింపు. జిమ్నీ లాంటి తేలిక బండే సుమారు 1,200 కిలోలు. కాబట్టి అడుగున ఆనిన మట్టి తీసి, వెళ్లాల్సిన వైపు చక్రాల ముందు వాలుగా తవ్వితే, తాడు మీద భారం అంత తగ్గుతుంది. ట్రాక్షన్ బోర్డులు లేకపోతే పత్తికట్టె, కందికట్టె, తీరంలో తాటిమట్టలు వేయొచ్చు. ఎడ్లబండి కాలం నుంచీ మన పల్లెలకు తెలిసిన విద్యే ఇది.

ఇంత చేశాకే తాడు. లాగే బండి కూడా ఆటోమేటిక్ అయితే మంచిదే: లో రేంజ్‌లో నెమ్మదిగా బయల్దేరుతుంది, నైలాన్ కైనెటిక్ తాడు సాగుతూ బలాన్ని కూడగట్టుకుని దిగబడ్డ బండిని పైకి తెస్తుంది. దిగబడ్డ బండి డ్రైవర్ కూడా గేరులో ఉంచి సన్నగా తొక్కాలి. గొలుసుకు ఆ సాగే గుణం లేదు. విసురుగా లాగితే బంపరో, కొక్కెమో ఊడి వస్తుంది. ట్రైలర్ తగిలించే టో బాల్‌కు తాడు కట్టడం మరీ ప్రమాదం. అది విరిగి తూటాలా దూసుకొచ్చి ఆస్ట్రేలియాలో మనుషుల ప్రాణాలు తీసింది. ఛాసిస్‌కు బిగించిన రికవరీ కొక్కేనికే కట్టాలి. తాడు మధ్యలో బరువైన దుప్పటి కప్పాలి.

మన ఊళ్లలో బండి దిగబడితే పిల్లాజెల్లా చుట్టూ చేరతారు. అడగకుండానే భుజం పట్టి నెడతారు. తాడు బిగిసే ముందు వాళ్లందరినీ తాడు పొడవుకు మించిన దూరం పంపించాలి. అందరూ పక్కకు తప్పుకున్నాకే లాగమని చెయ్యి ఊపాలి, అంతకు ముందు ఎవరెంత తొందరపెట్టినా ఊపకూడదు. బండికి ఏం జరిగినా షెడ్డులో బాగవుతుంది. సాయానికొచ్చిన వాళ్లకు దెబ్బ తగిలితే ఆ రికవరీకి అర్థమే లేదు.

బండి గట్టు మీదికొచ్చాక చాలామంది సంబరంగా వెళ్లిపోతారు. నా దృష్టిలో పని ఇంకా మిగిలే ఉంటుంది. మనం వేసిన కట్టె తీయాలి, మనం చేసిన గోతులు పూడ్చాలి. ఆ డొంకలో రేపు పొద్దున ఎరువు బస్తాలతో ఎవరి బండో వస్తుంది, దానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండదు. మన సరదా ఇంకొకరి దారిని చెడగొట్టకూడదు. అందుకే దిగబడ్డ బండి బయటికొచ్చాక కూడా పారను డిక్కీలో పెట్టేయకండి. గోతులన్నీ పూడ్చి, కాలితో తొక్కి చూసి, అప్పుడు బయల్దేరండి.