గెలిచినా వదలని వాళ్ళు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అలబామా అభిమానిని కదిపి 2011 నవంబరు 19 సంగతి అడగండి. స్కోరు చెప్పడు, ఒక అంకె చెబుతాడు: 302. ఆ రోజు టస్కలూసాలో అలబామా విశ్వవిద్యాలయం జట్టు జార్జియా సదరన్ అనే చిన్న కాలేజీని 45-21తో ఓడించింది. ఇంకో ఊళ్ళో అయితే బాజాలు మోగేవి. అలబామాలో మాత్రం, ఆ పిల్లకాలేజీ మన డిఫెన్స్ మీద 302 గజాలు ఎలా పరుగెత్తిందన్నదే చర్చ. ఆ ఏడాది మొత్తం మీద ప్రత్యర్థులు అలబామాపై ఒక్కో ఆటలో సగటున పరుగెత్తింది 72 గజాలే. దేశంలో అంతకంటే గట్టి డిఫెన్స్ లేదు. అలాంటి డిఫెన్స్‌ను చీల్చుకుని డామినిక్ స్వోప్ అనే కుర్రాడు ఒకే పరుగులో 82 గజాలు పోయి టచ్‌డౌన్ చేశాడు.

గెలిచినందుకు సంతోషించక ఈ ఏడుపేమిటని మనవాళ్ళు అడుగుతుంటారు. చిత్తుగా ఓడించిన రోజు తమ జట్టునే బోనులో నిలబెట్టడం అక్కడ తరాలుగా వస్తున్న విద్య. ఫుట్‌బాల్ చూడటంలో దీనికి మించిన రసజ్ఞత లేదని నా అభిప్రాయం. నేను అలబామా పక్షం అని ముందే చెప్పేస్తున్నాను కాబట్టి, అదే రాష్ట్రంలోని మా ప్రత్యర్థి ఆబర్న్ వాళ్ళకు ఈ విద్య పట్టుబడలేదంటే ఎవరూ నొచ్చుకోకూడదు.

ఆ 302 గజాల విచారణ ఎలా సాగిందో చూడండి. ముందు లెక్క సరిచేశారు. 21 పాయింట్లలో ఒక టచ్‌డౌన్ కిక్‌ను అందుకుని 95 గజాలు పరుగెత్తి చేసింది, దాన్ని డిఫెన్స్ ఖాతాలో రాయకూడదు. తర్వాత అసలు జబ్బు పట్టుకున్నారు. జార్జియా సదరన్ ఆడింది ట్రిపుల్ ఆప్షన్. క్వార్టర్‌బ్యాక్ బంతిని మధ్యలోంచి దూసుకెళ్ళే ఫుల్‌బ్యాక్‌కు ఇవ్వచ్చు, తనే ఉంచుకుని పరుగెత్తచ్చు, ఆఖరి క్షణంలో పక్కన వస్తున్నవాడికి విసిరేయొచ్చు. దీన్ని ఆపాలంటే డిఫెన్స్‌లో ఎవరికి అప్పగించిన మనిషిని వాడే చూసుకోవాలి. బంతి వెనక పరిగెత్తాలన్న ఆత్రంలో ఒక్కడు తన చోటు వదిలినా దారి తెరుచుకున్నట్టే. కండబలం చాలకపోవడం వేరు, చెప్పిన పని వదిలేయడం వేరు. మొదటిది క్షమించవచ్చు, రెండోది కూడదు. ఇదీ తీర్పు. కోచ్ నిక్ సేబన్ మనసులోనూ ఆ ములుకు అలాగే ఉండిపోయింది. 2015లో ఇంకో చిన్న జట్టుతో ఆట ముందు విలేకరులు తేలిగ్గా మాట్లాడేసరికి, నాలుగేళ్ళనాటి ఆ ఆట ఎత్తి, పత్రికలో అచ్చువేయడానికి వీల్లేని పోలికతో విరుచుకుపడ్డాడు. ఆ వారం స్కోరు 56-6.

అదే 2011 డిఫెన్స్, 2012 జనవరి 9న జాతీయ ఫైనల్లో లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) జట్టును 21-0తో కట్టేసింది. ఎల్‌ఎస్‌యూ ఆ రాత్రంతా కలిపి ముందుకు జరిగింది 92 గజాలు.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందంటే తలా ఒకటి చెబుతారు. 1916లో జార్జియా టెక్ జట్టు కంబర్లాండ్ కాలేజీని 222-0తో ఓడించింది. సగం ఆటకే స్కోరు 126-0. అప్పుడు కూడా కోచ్ జాన్ హైస్మన్ తన కుర్రాళ్ళను కూర్చోబెట్టి, అవతలివాళ్ళు ఏం దాచుకున్నారో తెలియదు, ఏమరుపాటు వద్దని హెచ్చరించాడట. అలబామాకు మాత్రం గురువు పాతతరం కోచ్ బేర్ బ్రయంట్. ఆదివారం టీవీలో గోల్డెన్ ఫ్లేక్ చిప్స్ పొట్లం, కోకాకోలా సీసా ముందు పెట్టుకుని, నిన్నటి ఆట ఫిల్మ్ చూస్తూ, గొణుగుతూ విడమర్చేవాడు. కుర్రాడి పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు చెప్పి మెచ్చుకునేవాడు. రాష్ట్రమంతా చర్చి నుంచి వచ్చి ఆ పాఠం వినేది. 1973లో వర్జీనియా టెక్‌ను 77-6తో ఓడించినప్పుడు ఆయన జట్టు మొత్తం 833 గజాలు సాధించింది. నలుగురు ఆటగాళ్ళు తలా వంద గజాలకు పైగా పరుగెత్తారు. ఆ గురువు చేతికింద పెరిగిన జనానికి చూపు నిశితం కాక ఏమవుతుంది?

ఇక విద్య సంగతి. పండిన అభిమాని బంతిని చూడడు, కాళ్ళను చూస్తాడు. మన జట్టు 30 పాయింట్ల ముందుంది, మూడో ప్రయత్నంలో రెండు గజాలు కావాలి అనుకోండి (పది గజాలు సాగడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి). రన్నర్ ఆరు గజాలు లాగాడు. స్టేడియం ఊగిపోయింది. కాని రన్నర్‌కు దారి చేయాల్సిన ఎడమ గార్డ్ బంతి కదలగానే ఒక అడుగు వెనక్కి నెట్టబడ్డాడు. అందుకే రన్నర్ తన దారి వదిలి పక్కకు మళ్ళాల్సి వచ్చింది. అడ్డొచ్చిన చిన్న కాలేజీ లైన్‌బ్యాకర్ చేతులు జారాయి కాబట్టి ఆరు గజాలు వచ్చాయి. ఇదే గట్టి జట్టైన జార్జియా మీద అయితే? అక్కడికక్కడే పట్టుకునేవాళ్ళు. స్కోరుబోర్డు మీద ఆరు గజాలని ఉన్నచోట, అతని లెక్కలో తప్పు కింద ఒక గీత పడుతుంది. ఆ ఒక్క అడుగును లక్షమంది కేకల మధ్య కనిపెట్టగలిగిన కన్నుకు దండం పెట్టాలి.

దీన్నే అంకెల్లో పెట్టిన ఘనుడు ఫుట్‌బాల్ విశ్లేషకుడు బిల్ కనెల్లీ. మొదటి ప్రయత్నంలో కావలసినదాంట్లో సగం, రెండోదాంట్లో 70 శాతం, మూడు నాలుగుల్లో పూర్తిగా సాధిస్తేనే ఆ ప్రయత్నం సఫలమైనట్టు అన్నాడు. ఒక్క 80 గజాల మెరుపుతో మిగతా పది వైఫల్యాలు కప్పబడిపోకుండా ఈ కొలత కాపాడుతుంది. ఫలితం తేలిపోయాక సాగిన ఆటను లెక్కలోంచి తీసేసే పద్ధతీ పెట్టాడు.

అయితే ఇక్కడ నాకు కనెల్లీతో పేచీ ఉంది. తేలిపోయాక సాగే ఆ చివరి క్వార్టర్‌లోనే అసలు విందు. 2017లో అలబామా వాండర్‌బిల్ట్‌ను 59-0తో, ఓల్ మిస్‌ను 66-3తో చితక్కొట్టింది. పత్రికలు ఆకాశానికెత్తాయి. ఆ మరుసటి వారం టెక్సస్ ఏ అండ్ ఎం మీద 27-19తో గట్టెక్కాక సేబన్, మీ పొగడ్తలు ఎలుకల మందులాంటివని విలేకరుల మొహానే అన్నాడు. ఆ ఏకపక్షపు ఆటల చివర్లో హవాయి నుంచి వచ్చిన టువా టాగోవైలోవా అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ దిగేవాడు. చాలామంది అప్పటికే కార్ల దగ్గరికి పోయేవాళ్ళు. కూర్చున్నవాళ్ళు చూశారు: బంతి చేతిలోంచి ఎంత త్వరగా వెళుతుందో, చూపు ఒకవైపు పెట్టి ఇంకోవైపు ఎలా విసురుతాడో. తప్పూ చూశారు. అక్టోబరు 21న టెనెసీ మీద గెలుపు 45-7. ఆ ఏడు పాయింట్లూ టువా పాసును టెనెసీ ఆటగాడు అందుకుని 97 గజాలు పరుగెత్తి చేసినవే. తెగువ ఎక్కువ, తొందర కూడా ఎక్కువ అని వాళ్ళు తేల్చేశారు.

2018 జనవరి 8, జాతీయ ఫైనల్. సగం ఆటకు జార్జియా 13-0 ముందంజ. సేబన్ అప్పటిదాకా ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ను ఆపి టువాను దింపాడు. దేశం నివ్వెరపోయింది. చివరిదాకా కూర్చున్నవాళ్ళు నివ్వెరపోలేదు. ఆ రాత్రీ ఒక పాసు అవతలివాళ్ళకు అందించాడు. ఓవర్‌టైంలో 16 గజాలు వెనక్కి పడేట్టు దొరికిపోయాడు కూడా. మరుక్షణమే, ఇంకా 26 గజాలు కావలసిన చోటునుంచి డెవాంటా స్మిత్‌కు 41 గజాల పాసు. 26-23. తెగువ, తొందర రెండూ ఒకే రాత్రి, ఒకదాని వెనక ఒకటి!

ఇంత గొప్ప విద్యను ఇప్పుడు చేజేతులా పాడుచేస్తున్నారు. చిన్న జట్లతో ఆటల్లో విద్యార్థులు సగంలోనే లేచిపోతున్నారని సేబన్ మొత్తుకున్నాడు. 2019లో విశ్వవిద్యాలయం ఒక ఫోన్ యాప్ తెచ్చింది. ఆటకు వస్తే 100 పాయింట్లు, నాలుగో క్వార్టర్ దాకా ఉంటే ఇంకో 250. ఆట చూసినందుకు తాయిలం! బ్రయంట్ పేరున్న స్టేడియంలో ఇది జరగాలా?

బెట్టింగ్ వచ్చి ఇంకా చెడగొట్టింది. 2018 మేలో సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలకు తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు 38 పాయింట్లతో గెలిచినా తిట్లే. లైన్ సరిగా అడ్డుకోలేదని కాదు, పందెంలో చెప్పిన 40 దాటలేదని. ఇది విమర్శా? జేబు నొప్పి. ఇంకో జాతి ఉంది, ఆట మొత్తం చూడకుండా పది సెకన్ల ముక్కలు చూసి, వ్యూహం చూసే కోఆర్డినేటర్‌ను పీకెయ్యండని అరిచేవాళ్ళు. ఎవరి కాలు ఎక్కడ తప్పిందో చెప్పమంటే నోరు పెగలదు.

అన్నిటికంటే బాధ రిజర్వు కుర్రాళ్ళది. ఆ ఫైనల్లో పక్కన పెట్టిన హర్ట్స్ అలిగి వెళ్ళిపోలేదు. బెంచీ మీద కూర్చుని, 2018 డిసెంబరు 1న టువా గాయపడగానే లోపలికి వచ్చి జార్జియా మీద 35-28తో గెలిపించాడు. ఇవాళ ఒక్క సీజన్ ఆగేదెవరు? ఎక్కడ చోటు, ఎక్కడ డబ్బు దొరికితే అక్కడికి బదిలీ. కుర్రాళ్ళు డబ్బు సంపాదించుకోవడం న్యాయమే, దానికి నేను అడ్డు చెప్పను. కాని నాలుగో క్వార్టర్‌లో మనం కనిపెట్టుకున్న పిల్లవాడు వచ్చే ఏడాది ఆబర్న్ చొక్కా తొడుక్కుంటే ఎలా?

ఈ నసుగుళ్ళు గాలి కబుర్లనేవాళ్ళకు 2024 చాలు. సేబన్ రిటైరయ్యాక కొత్త కోచ్ కేలన్ డిబోర్ జట్టు సౌత్ ఫ్లోరిడాను 42-16తో ఓడించింది. స్కోరు ఘనంగానే ఉంది. చూసినవాళ్ళు మాత్రం తేడా అంతా ఆఖర్లో వచ్చిందని, అంతకుముందు పెనాల్టీల మీద పెనాల్టీలని, లైన్ నిలబడటం లేదని మొత్తుకున్నారు. ఓర్వలేనివాళ్ళని వెక్కిరించారు. అక్టోబరు 5న నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్, ఏడేళ్ళ క్రితం 59-0తో ఓడిన అదే వాండర్‌బిల్ట్, అలబామాను 40-35తో ఓడించింది. అరవై నిమిషాల ఆటలో 42 నిమిషాలకు పైగా బంతి వాళ్ళ దగ్గరే.

మన పిల్లలు ఎందరో పైచదువులకు ఈ విశ్వవిద్యాలయాలకు వెళుతున్నారు. విద్యార్థి టికెట్టు దొరికితే వదలకండి. స్కోరు 45-0 అయ్యాక పక్కసీట్లు ఖాళీ అవుతుంటే, ముందుకు జరిగి ఎడమ గార్డ్ కాళ్ళు చూడండి. మీ వరసలో కదలకుండా కూర్చుని గొణుగుతున్న ముసలాయన కనబడితే పక్కన చేరి ఏం తప్పు జరిగిందో అడగండి. ఆయన చెప్పడానికి సిద్ధంగానే ఉంటాడు.