పైలట్‌కి ముందే చెప్పవలసిన మాట

మార్చి 3 వచ్చిందంటే కోనసీమలో బాలయోగి విగ్రహాలకు పూలదండలు పడతాయి. పడాలి కూడా. యెదుర్లంక లాంటి లంక ఊరి నుంచి లోక్‌సభ స్పీకరు పీఠం దాకా ఎదిగిన మనిషాయన. ఈ వారం నన్ను చికాకు పెట్టినవి దండలు కావు, ప్రతికూల వాతావరణం ఆయన్ను పొట్టనబెట్టుకుందని మళ్లీ వినబడిన మాట. 2002లో ఆ రోజు ఉదయం భీమవరం నుంచి హైదరాబాదు బయల్దేరిన బెల్ 206 హెలికాప్టరు కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలింది. స్పీకరు, ఆయన అంగరక్షకుడు, పైలట్ ముగ్గురూ పోయారు. చూపు ఆనక, పైలట్ నేలనుకుని నీళ్ల మీదికి దించబోయాడని అప్పట్లో చెప్పుకున్నారు. మంచు ఉండటం నిజమే కావచ్చు. కానీ మంచు మీద నేరం మోపి చేతులు దులుపుకుంటే మనం చేయవలసిన పని మిగిలిపోతుంది. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగితే గోదావరి వరదను తిట్టి ఊరుకున్నవాళ్లతో నా పేచీ కూడా ఇదే.

పైలట్లు ఇలా ఊరుకోరు. ఎక్కడో చిన్న విమానం కూలి ప్రాణాలు పోయాయన్న కబురు చెవిన పడగానే అక్కడ చూపు ఎన్ని కిలోమీటర్లుంది, మబ్బు ఎంత ఎత్తున ఉంది, ఎందుకు వెనక్కి తిరగలేదు అని అడుగుతారు. శవాలు ఇంటికి చేరకముందే ఈ ఆరాలేమిటని మనకు కష్టంగా తోస్తుంది. చనిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు కదా అన్న అభ్యంతరమూ న్యాయమైనదే. అయినా రేపు అదే మబ్బులోకి వెళ్లవలసింది వాళ్లే. పైగా వాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. నేలా ఆకాశమూ కలిసే గీత కనబడకపోతే మనిషి ఒంటికి నిలకడ తెలియదు. లోపలి చెవిలోని ద్రవం నెమ్మదైన మలుపును పసిగట్టలేదు. విమానం ఒరిగిపోతున్నా తిన్నగానే పోతున్నట్టుంటుంది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1954 నాటి ప్రయోగంలో, మీటర్లు చూసి నడపడం రాని 20 మందికి బయటి దృశ్యం కనబడకుండా చేస్తే, సగటున 178 సెకన్లలో విమానం చెయ్యి దాటిపోయింది. ఈ అంకె చాలామంది పైలట్లకు కంఠతా వచ్చు. ఆ ప్రయోగంలోని రెండో సగానికి అంత ప్రచారం రాలేదు. నెమ్మదిగా అర్ధచక్రం తిరిగి వచ్చిన దారినే బయటపడటం ఎలాగో నేర్పాక, అదే మనుషులు దాదాపు ప్రతిసారీ బయటపడ్డారు. వెనక్కి తిరగడం నేర్చుకోదగ్గ విద్యేనన్నమాట.

అయితే తప్పంతా తిరగని పైలట్‌దే అనేద్దామా? ఆ తీర్పుకీ నేను ఒప్పుకోను, ఎందుకంటే విద్య బాగా వచ్చినవాళ్లూ తిరగడం లేదు. 2020 జనవరి 26న కాలిఫోర్నియా కొండల్లో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో పాటు మొత్తం 9 మంది పోయిన హెలికాప్టరు పైలట్‌కి మీటర్లు చూసి నడిపే అర్హతా ఉంది, వేల గంటల అనుభవమూ ఉంది. ప్రయాణికులు గానీ కంపెనీ గానీ తొందరపెట్టినట్టు దర్యాప్తులో ఆధారం దొరకలేదు. ఎలాగైనా చేర్చాలన్న ఒత్తిడి ఆయన తనమీద తానే పెట్టుకున్నాడని తేల్చారు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌నూ, మన అప్పటి చిత్తూరు జిల్లా జవాను సాయితేజనూ బలిగొన్న ప్రమాదానికి మొదట చెప్పిన కారణం వాతావరణం హఠాత్తుగా మారి మబ్బులోకి వెళ్లడం. తరువాత పార్లమెంటు సంఘం నివేదికలో అదే ప్రమాదం మానవ తప్పిదంగా నమోదైంది. రెండూ నిజమే, రెండూ చాలవు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి పోయిన హెలికాప్టరులో యంత్రం ఇబ్బంది పెట్టింది కదా అనేవారున్నారు. నిజమే, 2009 సెప్టెంబరు 2న ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక గురించి పైలట్లు 6 నిమిషాలకు పైగా తలమునకలయ్యారని, మబ్బుల దగ్గర కిందికి తోసే గాలిలో చిక్కుకున్నారని దర్యాప్తు చేసిన త్యాగి కమిటీ చెప్పింది. కానీ ఆ హెచ్చరిక వెనుదిరగడానికి మరో కారణం కావలసింది. హెలికాప్టరు మాత్రం పావురాలగుట్ట వైపే సాగింది, అవతల రచ్చబండ సభ ఎదురుచూస్తోంది.

నేర్పును పెంచి లాభం లేదనను, కానీ నిర్ణయాన్ని ఒక్క మనిషి నెత్తిన పెట్టడం మానాలి. కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే ఉప్పాడ మత్స్యకారుడు పడవ ఒడ్డుకు లాగేస్తాడు. అతణ్ణి పిరికివాడని ఎవరూ అనరు. కాలేజీ మైదానంలో ముగ్గుతో గీసిన హెలిపాడ్ దగ్గర అలాంటి సూచిక ఎక్కడుంది? చూపు కొలిచేది మధురపూడి విమానాశ్రయంలోనో గన్నవరం విమానాశ్రయంలోనో. డెల్టాలో మంచు చెరువుల మీద ఒక తీరు, పక్క ఊళ్లో మరో తీరు. పుష్యమాసపు ఉదయాల్లో అన్నవరం దగ్గర జాతీయ రహదారి మీద నిలబడితే పక్కనే ఉన్న రత్నగిరి కొండ కూడా ఆనదు. అదే వేళకు తునిలో ఎండ కాస్తూ ఉండొచ్చు. చూపు ఇన్ని కిలోమీటర్లుండాలన్న నియమాలు లేకపోలేదు. వాటిని పట్టి చూసే యంత్రమూ, కాదని చెప్పగలిగే అధికారీ ఆ మైదానంలో ఉండాలి. నాయకుడు పదమని బలవంతం చేయలేదు కదా అంటారు. చేయనక్కర్లేదు. బారికేడ్ల వెనక జనం, మైకులో నిమిషనిమిషానికీ వినబడే ప్రకటన ఆ పని చేస్తాయి.

కాబట్టి హెలికాప్టరెక్కే ప్రతి నాయకుడూ తలుపు వేయకముందే పైలట్‌తో, "కనబడకపోతే తిప్పేయండి, నేను కారులో వెళ్తాను" అని అందరూ వినేలా చెప్పాలి. ఆ కారు నిజంగానే సిద్ధంగా ఉండాలి. సభలో గంటల తరబడి ఎదురుచూసే మనం, ఆయన వెనుదిరిగారని మైకులో చెప్పిన రోజున కుర్చీలు విసరకుండా ఇళ్లకు వెళ్దాం.