చలికాలం కూడా ఒక విద్యే

హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. షికాగో దాదాపు 42 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్ రాత్రి ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగుతుంది. తెల్లవారుజామున మంకీ క్యాపులు పెట్టుకున్నవాళ్లు ఎండెక్కగానే తీసి జేబులో పెట్టుకుంటారు. షికాగోలో జనవరి సగటు కనిష్ఠం మైనస్ 7, 8 డిగ్రీలు. చాలా రోజులు మధ్యాహ్నం కూడా సున్నా దాటదు. 1985 జనవరి 20న అక్కడ మైనస్ 33 డిగ్రీలు నమోదైంది. 2019 జనవరి 30న దాదాపు మైనస్ 31కి పడిపోయింది. చదువుకో ఉద్యోగానికో ఆ నగరానికి, దాని పక్కనున్న నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వంటి ఊళ్లకు ఏటా వెళ్లే తెలుగువారికి ఈ అంకెలు ముందే తెలుసు. తెలియనిదల్లా ఆ చలిలో రోజు గడిపే పద్ధతి. దానికి ఒంటి బలంతో పెద్దగా పని లేదు. ఈత నేర్చుకున్నట్టు ఎవరైనా నేర్చుకోవచ్చు.

ముందు తెలియవలసింది గాలి సంగతి. ఒంటి వేడికి చర్మాన్ని అంటిపెట్టుకుని పలుచని వెచ్చటి గాలి పొర ఏర్పడుతుంది. గాలి వీస్తే ఆ పొర చెదిరిపోయి ఒళ్లు వేగంగా చల్లబడుతుంది. దీన్ని లెక్కగట్టే ప్రయత్నం 1940ల ఆరంభంలో అంటార్కిటికాలో జరిగింది. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, గాలి వేగాన్ని బట్టి అవి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో చూశారు. అమెరికా, కెనడా ఇప్పుడు వాడుతున్న విండ్ చిల్ సూత్రం 2001లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మైనస్ 18 డిగ్రీల చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 28తో సమానం. కప్పుకోని ముక్కు, చెవులు అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే అక్కడివారు పొద్దున్నే ఫోనులో ఉష్ణోగ్రతతోపాటు ‘ఫీల్స్ లైక్’ అంకె కూడా చూసి బయల్దేరతారు.

బట్టల దగ్గర కొత్తవారు ఎక్కువగా పొరబడతారు. ఇక్కడ కొన్న మందపాటి స్వెట్టరు ఒక్కటే అక్కడ పనికిరాదు. బట్ట తనంతట వేడి పుట్టించదు. పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలే వెచ్చదనాన్ని నిలుపుతుంది. కాబట్టి మూడు పొరలు కావాలి. ఒంటికి అంటుకుని ఉండే పొర చెమటను బయటికి పంపాలి. దానికి సన్న ఉన్నిగానీ పాలియెస్టర్ థర్మల్స్‌గానీ మంచివి. నూలు బనీను చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే ఒంటి వేడిని లాగేస్తుంది. రెండో పొర ఉన్ని స్వెట్టరు లేదా ఫ్లీస్. మూడోది గాలినీ తడినీ ఆపే జాకెట్, తుంటి కింది దాకా దిగి, హుడ్ ఉన్నదైతే మేలు. వేళ్లకు విడివిడి అరలున్న గ్లౌజుల కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ వెచ్చగా ఉంటాయి, ఎందుకంటే వేళ్లు ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. బూట్లు ఉన్ని మేజోళ్లు వేసుకుని చూసి కొనాలి. బిగుతైన బూటులో గాలికి చోటుండదు, రక్తం కూడా సరిగా ఆడదు. బస్సులోకో దుకాణంలోకో అడుగుపెట్టగానే జిప్పు తీయడం కూడా ఈ విద్యలో భాగమే. లోపల పట్టిన చెమట మళ్లీ వీధిలోకి వచ్చేసరికి చలిగా మారుతుంది.

ఇంటి విషయంలో చట్టం అద్దెకున్నవారి పక్షాన ఉంది. షికాగో నగర నిబంధన ప్రకారం, వేడి ఏర్పాటు యజమాని చేతిలో ఉన్న ఇళ్లలో సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 వరకు పగలు కనీసం 68 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి 66 ఉండేలా చూడాల్సింది అతనే. సెల్సియస్‌లో చెప్పాలంటే 20, 19. కొత్తగా వచ్చిన విద్యార్థులు నలుగురు ఒకే గదిలో వణుకుతూ కూడా ఇది అడగరు. అడగడం వారి హక్కు. లీజు మీద సంతకం పెట్టేముందు హీటింగ్ బిల్లు ఎవరు కడతారో, కిటికీలు రెండు అద్దాలవో కావో తెలుసుకుంటే తర్వాత చేతి చమురు వదలదు. వేడి చాలకపోతే వంట పొయ్యి వెలిగించి గది వెచ్చచేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. మూసిన ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

వేడి చేసిన గాలి పొడిగా ఉంటుంది. మైనస్ 10 డిగ్రీల గాలిలో పట్టే తేమే అతి తక్కువ. దాన్ని 21 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 15 శాతం కూడా ఉండదు. వంటా స్నానాల ఆవిరి కొంత కలిసినా అది చాలదు. పెదాలు పగలడం, ముక్కులోంచి రక్తం రావడం, తలుపు గొళ్లెం తాకితే చురుక్కుమనడం అన్నీ దీనివల్లే. తేమను 30, 40 శాతం మధ్య ఉంచే హ్యుమిడిఫయర్, స్నానం కాగానే ఒళ్లు తడి ఆరకముందే రాసుకునే నూనె లేదా క్రీము వీటికి మందు. రాసుకునేది కొబ్బరినూనె అయితే సీసాలో గడ్డకట్టి ఉంటుంది, 24 డిగ్రీలు దిగితే అది పేరుకుంటుంది.

వంటింట్లో రెండు ఊళ్ల చలి తేడా ఇడ్లీ పిండి దగ్గర బయటపడుతుంది. హైదరాబాద్‌లో రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె అంచు దాటుతుంది. 20 డిగ్రీల వంటింట్లో అదే పిండి పొద్దున చూస్తే పెట్టినట్టే ఉంటుంది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు 30 డిగ్రీల దగ్గరి వెచ్చదనం కావాలి. అక్కడి తెలుగు ఇళ్లలో దీనికి ఉపాయం అందరికీ తెలుసు. అవెన్ వెలిగించకుండా లోపలి దీపం ఒక్కటీ వేసి, పిండి గిన్నె అందులో పెట్టి తలుపు మూస్తారు. ఆ చిన్న బల్బు వేడికే పిండి పొంగుతుంది. పెరుగు తోడుపెట్టడానికీ అదే చోటు. కరివేపాకు మొక్కనూ తులసినీ మాత్రం అక్టోబరు చలి ముదరకముందే ఇంట్లోకి తేవాలి. లోపల కరివేపాకు ఆకు రాల్చడం చూసి ఎక్కువ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. మట్టి పైన ఆరాక కొంచెం పోస్తూ ఎండ పడే కిటికీ దగ్గర ఉంచితే వసంతంలో మళ్లీ చిగురిస్తుంది.

వీధిలో మంచు కంటే ప్రమాదం నల్లమంచు. కరిగిన నీరు రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టి, తారు రంగులో కలిసిపోయి కనబడదు. చిన్న అడుగులు వేస్తూ, ముందుకాలి మీద బరువు మోపి, చేతులు జేబుల్లోంచి తీసి నడవాలి. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు మైనస్ 9 డిగ్రీలు దాటిన చలిలో పెద్దగా పనిచేయదు. కారుంటే మరికొన్ని జాగ్రత్తలు. ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్లు పోస్తే అది పగలవచ్చు, గీకుడు బద్దతో తీయడమే పద్ధతి. ఇంజను వేసేముందు సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోలేదని చూసుకోవాలి. షికాగోలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు కొన్ని ప్రధాన రోడ్ల మీద, మంచు పడినా పడకపోయినా, తెల్లవారుజామున 3 నుంచి 7 వరకు బండి ఆపకూడదు. ఆపితే లాక్కెళతారు.

ఒంటి మీద చలి దెబ్బకు మొదటి గుర్తు తిమ్మిరి. పుస్తకాల్లో చర్మం తెల్లబడుతుందని రాస్తారు గానీ, చామనఛాయ చర్మం మీద ఆ మార్పు వెంటనే తెలియదు. వేలు మొద్దుబారితే లోపలికి వెళ్లాలి. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టరుకు చూపాలి.

చివరిది వెలుతురు. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటలు దాటి ఉంటుంది. షికాగోలో 9 గంటలే, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. 1976లో దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ వచ్చిన నార్మన్ రోసెంతాల్ అనే వైద్యుడు చలికాలం రాగానే తనలో ఉత్సాహం తగ్గడం గమనించాడు. ఆయనా సహచరులూ 1984లో ఈ రుతుసంబంధ కుంగుబాటును వైద్యశాస్త్రానికి పరిచయం చేశారు. పొద్దున పూట 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవడం నేటికీ దీనికి వాడే చికిత్స. విటమిన్ డి సంగతీ అంతే. షికాగోతో సమానమైన అక్షాంశంలోని బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ చర్మంలో ఆ విటమిన్‌ను పుట్టించదని 1988 నాటి పరిశోధన తేల్చింది. ముదురు చర్మానికి మామూలుగానే ఎక్కువ ఎండ కావాలి, కాబట్టి తెలుగువారు రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మోతాదు వాడటం మంచిది. నెలల తరబడి నిద్రమత్తు, దిగులు ఉంటే దాన్ని బద్ధకమని తిట్టుకోకుండా వైద్యసాయం అడగాలి. ఇంటి నుంచి ఫోను చేసే అమ్మానాన్నలు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందన్న మన సామెత షికాగోలో చెల్లదు. అక్కడ ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది. ఆగస్టులో దిగిన విద్యార్థికి సన్నద్ధం కావడానికి రెండు, మూడు నెలలు ఉంటాయి. సూట్‌కేసులో స్వెట్టర్లు కుక్కే బదులు ఆ డబ్బు విడిగా పెట్టుకుని, జాకెట్టూ బూట్లూ అక్కడే కొనుక్కోవడం తెలివైన పని. ఇప్పటికే అక్కడ ఒక చలికాలం గడిపినవారికి ఒక విన్నపం: అక్టోబరులో ఒక శనివారం, కొత్తగా వచ్చినవారిని వెంటబెట్టుకుని దుకాణానికి తీసుకెళ్లండి.