ఉప్పు ఊరిలో పది రోజులు

మా అన్నయ్యకి భుజాన సంచి వేసుకుని దేశాలు తిరిగేవాళ్ళ వీడియోలంటే పిచ్చి. ఎవరూ వెళ్ళని చోటుకి వెళ్ళాలి, ఒక పాడుబడిన గోడ పక్కన నిలబడి ఫోటో దిగాలి, అదీ వాడి కోరిక. సహారా ఎడారి పేరు వాడి నోట రోజూ వినిపిస్తుంది. అందుకని తెలుగు మాస్టారు ఈ సంచికకి "ఏదైనా యాత్రాగ్రంథం మీద విమర్శ రాయండి, పొగడ్తలు మాత్రం వద్దు" అన్నప్పుడు నేను ఇబ్న్ బతూతాని పట్టుకున్నాను.

ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర కాజీగా ఉన్నవాడని ఆయన్ని మనం చరిత్రలో చదువుకుంటాం. ఆయన చివరి పెద్ద ప్రయాణం మాత్రం సహారా దాటి మాలీ రాజ్యానికి. 1352 ఫిబ్రవరిలో మొరాకో దేశపు ఎడారి అంచున ఉన్న సిజిల్మాసా పట్నం నుంచి వర్తకుల బిడారుతో బయలుదేరాడు. గిబ్ అనే పండితుడు 1929లో ఇంగ్లీషులోకి తెచ్చిన సంక్షిప్త ప్రతి మాస్టారి దగ్గర ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ భాగం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకు చాలా నచ్చింది. రెండోసారి మా మామ్మకి తెలుగులో చెబుతూ చదివాను. అక్కడ వచ్చింది చిక్కు.

ముందు నచ్చిన సంగతి చెప్పాలి. ఈయన కళ్ళు చాలా చురుకైనవి. ప్రయాణానికి ముందు ఒంటెలు కొని, వాటికి నాలుగు నెలలకి సరిపడా మేత కూడా కొన్నానని రాస్తాడు. ఎడారిలోకి వెళ్ళేవాడు తన తిండికంటే ముందు ఒంటె తిండి చూసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది. ఒకచోట మంచి నీటిగుంట దొరికితే అందరూ దాహం తీర్చుకుని బట్టలు కూడా ఉతుక్కున్నారట. ఆ ఎడారిలో పేలు ఎక్కువని, వాటిని చంపడానికి పాదరసం పెట్టిన దారాలు మెడలో వేసుకుంటారని కూడా రాశాడు. గొప్పగా కనబడాలనుకునే యాత్రికుడు పేల సంగతి రాయడు. ఈయన రాశాడు, అందుకే నమ్మాను.

ఇంకో చోట, దారిలో ఎదురైన వేరే బిడారువాళ్ళు తమలో కొందరు తప్పిపోయారని చెబుతారు. తర్వాత వారిలో ఒకడు ఇసుకలో మొలిచే చిన్న పొద కింద చచ్చిపడి కనిపిస్తాడు. ఒంటిమీద బట్టలు అలాగే ఉన్నాయి, చేతిలో కొరడా ఉంది. నీళ్ళు అక్కడికి ఒక మైలు దూరంలోనే ఉన్నాయి. ఇంతే రాశాడు. అయ్యో అనలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. ఆ కొరడా మాత్రం నాకు రాత్రి నిద్రలో కూడా గుర్తొచ్చింది.

దారి చూపే మనిషి గురించి కూడా బాగా రాశాడు. ఆ మనిషికి ఒక కన్ను లేదు, రెండో కంటికి జబ్బు. అయినా ఆ దారి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదట. ముందుగా ఒంటరిగా వెళ్ళి వలాతా పట్నంలో కబురు చెబితే అక్కడివాళ్ళు నాలుగు రోజుల దూరం ఎదురొచ్చి నీళ్ళందిస్తారు. కబురు పట్టుకెళ్ళినవాడు దారిలో చనిపోతే వెనక వచ్చే బిడారు కూడా పోయినట్టే. ఆ పనికి వంద మిత్‌కాల్‌ల బంగారం ఇచ్చారు. మిత్‌కాల్ అంటే నాలుగు గ్రాములకి కాస్త పైన.

ఇప్పుడు అసలు ఊరికి వస్తాను. సిజిల్మాసా నుంచి ఇరవై ఐదు రోజులు నడిచాక వచ్చే ఊరు తఘాజా. ఈనాటి లెక్కలో మాలీ దేశానికి బాగా ఉత్తరాన ఉంటుంది. ఇబ్న్ బతూతా ఆ ఊరిని పరిచయం చేయడమే చులకనగా చేస్తాడు, అక్కడ మంచి అన్నది ఏదీ లేదని మొదలుపెడతాడు. ఇళ్ళు, మసీదు ఉప్పురాళ్ళతో కట్టారు. పైకప్పులు ఒంటె తోళ్ళు. చెట్టు అన్నది లేదు, అంతా ఇసుకే. ఇసుక తవ్వితే మందమైన ఉప్పు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దొరుకుతాయి. ఒక్కో ఒంటె మీద రెండు పలకలు వేస్తారు.

ఉప్పు ఇల్లు అనగానే నాకు నవ్వొచ్చింది. మా బరంపురంలో అలాంటి ఇల్లు కడితే ఆషాఢంలో ఒక్క వాన చాలు, ఇంటివాళ్ళు పొద్దున్నే లేచేసరికి గొడుగు పట్టుకుని నడి వీధిలో ఉంటారు. అక్కడ వాన చాలా అరుదు కాబట్టి గోడ నిలుస్తుంది. మా అన్నయ్యకి ఇది చెప్పగానే "నేను వెళ్ళాల్సిన ఊరు ఇదే" అన్నాడు.

ఆ ఉప్పు ధర చూడండి. ఒంటె మోసిన బరువు వలాతాలో ఎనిమిది నుంచి పది మిత్‌కాల్‌లు. మాలీ నగరానికి చేరేసరికి ఇరవై నుంచి ముప్పై, ఒక్కోసారి నలభై. ఆ దేశంలో ఉప్పుని ముక్కలుగా కోసి డబ్బులాగా వాడేవారు. చూడ్డానికి ఏమీ లేని తఘాజాలో బంగారం బారువుల లెక్కన చేతులు మారుతుందని ఆయనే అంటాడు. ఇదంతా చదివి మొదటిసారి "ఎంత వివరంగా రాశాడు" అనుకున్నాను.

రెండోసారి మామ్మకి చెబుతున్నాను. మా మామ్మ చిన్నప్పుడు గంజాం దగ్గర హుమ్మా ఉప్పుమడుల్లో పనిచేసింది. పెళ్ళయి బరంపురం వచ్చేదాకా అదే పని. నేను ఉప్పు పలకల దగ్గరికి రాగానే వత్తులు చేస్తున్నదల్లా ఆపింది.

"తవ్వినోలు ఎవలే?" అంది.

పుస్తకం చూసి చెప్పాను. మస్సూఫా అనే తెగవాళ్ళ బానిసలు. ఆ ఊళ్ళో ఉండేది వాళ్ళే. ద్రా లోయ నుంచీ సిజిల్మాసా నుంచీ వచ్చే ఖర్జూరాలు, ఒంటె మాంసం, దక్షిణాన నల్లవాళ్ళ దేశం నుంచి వచ్చే చిరుధాన్యం తింటారు.

"ఇంకా?"

ఇంక లేదు. పేజీ తిప్పి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. వాళ్ళ గురించి ఉన్నది అంతే. ఎంతమందో లేదు, ఆడవాళ్ళు ఉన్నారో లేరో లేదు, ఏ పనిముట్టుతో తవ్వారో లేదు. ఆయన అక్కడ పది రోజులున్నాడు. ఆ పది రోజుల గురించి ఆయనకి గుర్తున్నది నీళ్ళు ఉప్పగా ఉన్నాయని, ఈగల బాధ ఎక్కువని, తనకి చాలా ఇబ్బందిగా గడిచిందని.

నా అభ్యంతరం ఇదే. ఆ రోజుల్లో అందరూ అంతే, బానిసల గురించి ఎవరు రాస్తారు అని మా స్నేహితురాలు వాదించింది. పైగా ఆయన దారిలో రాసుకున్న పుస్తకం కాదిది. ఇంటికి తిరిగొచ్చాక జ్ఞాపకం మీద చెబుతుంటే ఇబ్న్ జుజయ్ అనే ఆయన రాశాడు, 1355లో పూర్తయింది. అన్నీ గుర్తుంటాయా అని ఆమె ప్రశ్న. గుర్తుండవు, నేనూ ఒప్పుకుంటాను. కానీ పొద కింద చనిపోయినవాడి చేతిలో కొరడా గుర్తుంది కదా. దారి చూపినవాడి కన్ను గుర్తుంది. ఎనిమిదికీ పదికీ మధ్య ధర గుర్తుంది. పది రోజులు ఎదురుగా ఉప్పు తవ్విన మనుషుల్లో ఒక్కడి చెయ్యి గానీ ముఖం గానీ గుర్తులేదంటే అది జ్ఞాపకశక్తి లోపం కాదు. అప్పుడే చూడలేదు.

ఆయన ఊళ్ళకి మార్కులు వేసే పద్ధతి కూడా నాకు నచ్చలేదు. తనకి బాగా జరిగితే మంచి ఊరు, జరక్కపోతే చెడ్డ ఊరు. వలాతాలో అధికారి విందుకి పిలిచి దంచిన చిరుధాన్యంలో తేనె, పాలు కలిపి సొరకాయ బుర్రలో పెడితే, ఇందుకా మమ్మల్ని పిలిచింది అని చిన్నబుచ్చుకున్నాడు. ఎడారి అంచున తేనె, పాలు పెట్టినవాళ్ళ మీద అలగడం ఏమిటి? మా ఇంట్లో అయితే మామ్మ గిన్నె లాగేసుకునేది. 1353లో తకెద్దా నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన ఉన్న బిడారులో ఆరు వందలమంది బానిస స్త్రీలు ఉన్నారు. అది కూడా సరుకు లెక్క చెప్పినట్టు ఒక్క ముక్కలో చెప్పి ముందుకి సాగిపోతాడు.

"ఆ రోజుల్లో అందరూ అంతే" అన్న మాట సరికాదనడానికి నా దగ్గర ఒక సాక్షి ఉన్నాడు. మాస్టారే చూపించారు. గ్రనడాలో పుట్టిన హసన్ అల్ వజ్జాన్, యూరప్‌వాళ్ళు పిలిచే పేరు లియో ఆఫ్రికానస్. ఆయన ఆఫ్రికా వర్ణన 1550లో ఇటలీలో అచ్చయింది. ఆయనా తఘాజా వెళ్ళాడు. ఉన్నది మూడు రోజులే, ఒంటెల మీద ఉప్పు ఎక్కించేంతసేపు. ఆయనా ఆ ఉప్పునీళ్ళే తాగాడు, అది కూడా చెప్పాడు. కానీ తవ్వేవాళ్ళ సంగతి అక్కడితో వదలలేదు. ఆయన చూసినప్పుడు తవ్వేవాళ్ళు బయటి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి తిండి టింబక్టూ నుంచో ద్రా నుంచో రావాలి. రెండూ ఇరవై రోజుల దూరం. తెచ్చేవాళ్ళు ఆలస్యం చేస్తే వీళ్ళు గుడిసెల్లోనే ఆకలితో చచ్చిపడి ఉంటారు. ఎండాకాలం వీచే ఆగ్నేయపు గాలికి చాలామందికి కళ్ళు పోతాయి.

ఇది చదివినప్పుడు మామ్మ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపయ్యాక, ఎండ నడినెత్తికొచ్చాక ఉప్పుమడి వంక చూడకూడదని వాళ్ళ అమ్మ చెప్పేదని, చూడకుండా తట్ట ఎలా నింపుతామని చెప్పింది. మామ్మకి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. అది వయసు వల్లే అని డాక్టరు అన్నారు, అయ్యుండొచ్చు.

లియో కూడా వాళ్ళల్లో ఒక్కరి పేరు రాయలేదు, ఒక్కరితో మాట్లాడినట్టు చెప్పలేదు. అయినా మూడు రోజుల్లో ఆయనకి కనబడినది పది రోజులున్న పెద్దాయనకి కనబడలేదు. యాత్రికుడు ఎన్ని రోజులున్నాడు, ఎంత దూరం నడిచాడు అన్న లెక్కలు గొప్పగా చెప్పుకుంటాం కదా, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివాక నాకు ఆ లెక్కల మీద గౌరవం తగ్గింది.

తఘాజా ఇప్పుడు లేదు. 1580ల్లో మొరాకో సుల్తాను సేనలు ఆ గనుల మీదకి వచ్చాక తవ్వకం దక్షిణాన ఉన్న తావుదెన్నీకి మారిపోయింది. అక్కడ ఉప్పు పలకలు తీసి టింబక్టూకి చేర్చే పని మన కాలం దాకా వచ్చింది. తఘాజాలో మిగిలింది శిథిలాలు. 2012 నుంచి ఉత్తర మాలీలో యుద్ధాలు, కాబట్టి అన్నయ్య సంచి ఇప్పట్లో కదలదు. వాడు వెళ్ళినా ఏం ఫోటో తీస్తాడో నాకు తెలుసు, ఉప్పు గోడ.

వాణ్ణి ఎగతాళి చేసే హక్కు నాకు లేదనుకోండి. పోయిన ఏడాది ఇదే పత్రికలో నేను మా తరగతి రంభ వనభోజనాల గురించి రాశాను. చిలికా సరస్సు, పడవ, పక్షులు, ఎవరు పులిహోర ఎక్కువ తిన్నారు, అన్నీ రాశాను. దారిలో హుమ్మా మీదుగానే వెళ్ళాం. ఉప్పుమడులు ఎండలో అద్దాల్లా మెరిశాయని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం బాగుందని మాస్టారు ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. నేను ఇంటికొచ్చి మామ్మకి చదివి వినిపించాను కూడా. అప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఇప్పుడు, ఇబ్న్ బతూతాని నేను ఇంత తిడుతుంటే విని, "మరి నీకూ ఎవలూ కనపడనేదు కదే" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

బస్సు కిటికీలోంచి చూశాను మామ్మా, బస్సు ఆగలేదు అన్నాను. మళ్ళీ వత్తులు చేసుకుంటూ కూర్చుంది. కాసేపటికి తనే అడిగింది, అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటే ఏం తాగేవారు అని. పుస్తకం తీశాను. ముందున్న పది రాత్రుల ఎడారికి కావలసిన నీళ్ళు తఘాజాలోనే నింపుకుంటారని ఉంది.

"ఎల్లిపోయినోలు నింపుకున్నారు. ఉన్నోలకి?"

తర్వాతి వాక్యం చూశాను. అందులో బిడారు అప్పటికే ఎడారిలో ఉంది, వాన నీటిగుంటలు దొరికినందుకు సంతోషపడుతోంది.