ఎన్నో వరుసలో ఉంది?

అమెరికా కాలేజీల్లో ఇంటర్‌వర్సిటీ అనే క్రైస్తవ విద్యార్థి సంఘం పిల్లలు మార్కు సువార్త చదవడానికి కూర్చున్నప్పుడు బల్ల మీద బైబిలుకు బదులు కాగితాల కట్ట ఉంటుంది. పక్కన రంగు పెన్సిళ్లు. కాగితాల మీద ఉన్నది మార్కు సువార్తే. అయితే అధ్యాయాల అంకెలు, వచనాల అంకెలు, మధ్యమధ్య శీర్షికలు అన్నీ తీసేసి ఉంటాయి. వరుసల మధ్య బాగా ఎడం, రాసుకోవడానికి వెడల్పాటి మార్జిన్, అంచున వరుసల లెక్క. ఈ పద్ధతిని వాళ్లు మాన్యుస్క్రిప్ట్ స్టడీ అంటారు.

ఆ సంఘం అమెరికాలో 1941లో మొదలైంది. ఈ చదువును 1950లలో కాలిఫోర్నియా విద్యార్థులకు నేర్పింది అందులోనే పనిచేసిన పాల్ బయర్. సువార్తలో మొదటి సగానికి ఒక వారం, రెండో సగానికి మరో వారం. పదహారు అధ్యాయాల చిన్న పుస్తకానికి అంత సమయమా అనిపిస్తుంది. కూర్చున్నవాళ్లకు అదీ చాలదు.

అంకెలు తీసేయడం అపచారమేమీ కాదు. అవి తర్వాత వచ్చి చేరినవే. అధ్యాయాలుగా విడగొట్టింది 13వ శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ అనే మతాచార్యుడు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచనాల అంకెలు ఫ్రెంచి ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో వేసినవి. తొలి గ్రీకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండదు. మన తాళపత్రాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పైగా అంకె ఒక్కోసారి అడ్డు గోడ అవుతుంది. మార్కు 9వ అధ్యాయం మొదటి వచనం నిజానికి 8వ అధ్యాయం చివర యేసు మాట్లాడుతున్న మాటలకు కొనసాగింపు. అధ్యాయం అయిపోయిందని బైబిలు మూసేసినవాడికి ఆ మాట అందదు.

మార్కు 5వ అధ్యాయంలోని యాయీరు కథ దగ్గర ఈ పద్ధతి బలం బాగా తెలుస్తుంది. మొదట ఎవరికి వారు మౌనంగా చదువుతారు. మళ్లీ మళ్లీ వచ్చే మాటలకు ఒక రంగు, మనుషులకు ఒక రంగు, సందేహం వచ్చినచోట మార్జిన్‌లో ఒక ప్రశ్న. సమాజమందిరపు అధికారి యాయీరు, చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం అందరి ఎదుటా యేసు కాళ్ల మీద పడ్డాడు. రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ గుంపులో వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం తాకింది. అధికారి పేరు ఉంది, ఆమె పేరు లేదు. ఆమె జబ్బుకు పన్నెండేళ్లు. చాలా వరుసల తర్వాత, కథ చివర, యాయీరు కూతురి వయసు కనబడుతుంది. పన్నెండేళ్లే! ఆ పిల్ల ఒక ఇంట పుట్టిన కాలంలోనే మరో ఇంట ఆ స్త్రీకి కష్టం మొదలైంది. యేసు ఆ పేరులేని స్త్రీని కుమారీ అని పిలుస్తున్నప్పుడు పక్కనే ఒక తండ్రి తన కూతురి కోసం క్షణాలు లెక్కపెడుతున్నాడు. ఇదంతా ఎవరో చెబితే విని మరిచిపోయే సంగతి. సొంత పెన్సిలుతో పట్టుకున్నవాళ్లకు అది జీవితాంతం గుర్తుంటుంది.

తర్వాత నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటారు, ఆపైన అందరూ. అసలు కష్టం అంతా నడిపించేవారిదే. జవాబు తెలిసీ నోరు విప్పకూడదు. ఎవరైనా పాత ప్రసంగంలోంచి ఏదో ఎత్తుకుంటే కసరకూడదు. ఎన్నో వరుసలో ఉంది అని అడగాలి, అంతే. ఆ ప్రశ్నకు సీనియరు, జూనియరు తేడా లేదు. నిన్నగాక మొన్న బైబిలు పట్టుకున్న కుర్రాడు ఇరవయ్యో వరుస చూపించి, చిన్నప్పటినుంచీ సండే స్కూలుకు వెళ్లినవాణ్ణి ఆలోచనలో పడేయవచ్చు.

మన దగ్గర 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. అనే క్రైస్తవ విద్యార్థి సంఘం కాలేజీల్లో ఇలా కలిసి చదివే అలవాటును పెంచుతూ వచ్చింది. రంగు పెన్సిళ్లు లేకపోయినా అక్కడి క్రమం కూడా దాదాపు ఇదే: ఏముందో చూడు, దాని అర్థమేమిటో అడుగు, నీ బతుక్కి ఏం చెబుతోందో ఆలోచించు. మన పిల్లలకు మొదటి మెట్టే కష్టం. వాక్యం చెవితో విని పెరిగినవాళ్లు. వచనం మొదలవగానే పాస్టరుగారు చెప్పిన అర్థం గుర్తొస్తుంది, కళ్లు ముందుకు పరుగెత్తుతాయి. ప్రసంగం విలువ ప్రసంగానిదే. కానీ పద్దెనిమిదేళ్ల వయసులో ఒక్కసారైనా పాఠంతో ఒంటరిగా తలపడాలి. తెలుగు బైబిలు గ్రాంథికం అర్థం కాదని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో చదివి, రెండూ ఎక్కడ వేరయ్యాయో చూస్తే ఆ తేడాయే మంచి ప్రశ్న అవుతుంది.

ఈ వారం మార్కు 5వ అధ్యాయం 21 నుంచి 43 వరకు, అంకెలు లేకుండా, తెలుగులో చేత్తో రాయండి. జిరాక్సు తీసి హాస్టల్లో మరో ముగ్గురికి ఇవ్వండి. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకండి.