అడవి మంటల చర్చలో మన చోటు

మాఘం పోయి ఫాల్గుణం వచ్చేసరికి, ఇప్పచెట్లు ఆకు రాల్చే వేళకు, పత్రికల్లో రెండు రకాల వార్తలు మొదలవుతాయి. జిల్లా పేజీలో ఇప్పపువ్వు కోసమో పోడు కోసమో గిరిజనులు అడవికి నిప్పు పెడుతున్నారని రాస్తారు. లోపలి పేజీలో, సంపాదకీయం పక్కన, వాతావరణ మార్పు వల్ల ప్రపంచమంతటా అడవులు తగలబడుతున్నాయని ఒక పెద్ద వ్యాసం వస్తుంది. మొదటిది రాసినవారు రెండోది చదవరు. రెండోది రాసినవారికి ఇప్పచెట్టు ఎలా ఉంటుందో తెలియదు. అక్కడి అడవి కాలితే కారణం భూగోళం, ఇక్కడి అడవి కాలితే కారణం మన గంప. ఇంత తేడా ఎలా వచ్చిందని అడిగేవారు కనబడరు.

ఈ వ్యాసంలో మేం చూడదలచుకున్నది మంటల మీద జరుగుతున్న ఈ వాదననే. వాదన ఎటు తేలితే కేసు అటు నమోదవుతుంది, నిధులు అటు పోతాయి. చదువుకున్న మన కుర్రవాడి మీద అటవీ నేరం కేసు ఒకటి పడితే, అది కొట్టేసేదాకా వాడు ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా జంకుతూనే ఉంటాడు. కనుక ఇది చదువుకున్నవాళ్లు తీరికగా చేసుకునే చర్చ అని వదిలేయడానికి లేదు.

ముందు దూరదేశం సంగతి ఒకటి. ఆస్ట్రేలియాలో 2019-20 వేసవిలో 2.4 కోట్ల హెక్టార్లకు పైగా నేల కాలింది. 33 మంది మంటల్లోనే చనిపోయారు. అంతకుముందు గడిచిన 2019, ఆ దేశం లెక్కలు రాయడం మొదలుపెట్టాక అన్నింటికన్నా వేడి సంవత్సరం, అన్నింటికన్నా వానలు తక్కువైన సంవత్సరం కూడా. అడవి ఇంకా కాలుతుండగానే వాదన మొదలైంది. వాతావరణ మార్పు అని ఒక పక్షం, నిప్పు పెట్టే దుర్మార్గులు అని ఇంకో పక్షం. 2020 జనవరిలో న్యూ సౌత్ వేల్స్ పోలీసులు నిప్పుకు సంబంధించిన తప్పుల మీద 183 మందిపై చర్య తీసుకున్నామని ప్రకటించారు. ఆ అంకె క్షణాల్లో ప్రపంచం చుట్టి వచ్చింది. 183 మంది కావాలని అడవి తగలబెట్టారట, ఇక వాతావరణం మాట ఎందుకు అన్నారు. ప్రకటన పూర్తిగా చదివితే, కావాలని నిప్పు పెట్టారన్న అభియోగం ఉన్నది 24 మంది మీద. 53 మంది నిప్పు నిషేధం ఉన్న రోజున నిషేధం పాటించనివారు. 47 మంది కాలుతున్న సిగరెట్టో అగ్గిపుల్లో పారేసినవారు. పెద్ద పెద్ద మంటల్లో కొన్ని పిడుగుల వల్ల అంటుకున్నవే. అయినా 183 అనే అంకె మాత్రం నిలిచిపోయింది.

ఈ కథ మనకెందుకంటే, ఇక్కడా జరుగుతున్నది ఇదే. 'నిప్పు ఎవరు పెట్టారు' అన్నది ఒక ప్రశ్న. 'పెట్టిన నిప్పు ఎందుకు ఆరలేదు' అన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేశామనుకుంటారు. ఆస్ట్రేలియా మంటల మీద వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం 2020 మార్చిలో ఒక లెక్క చెప్పింది. అడవి అంత సులువుగా అంటుకునే వాతావరణం ఏర్పడే అవకాశం, భూమి వేడెక్కడం వల్ల కనీసం 30 శాతం పెరిగిందని. వాతావరణం అగ్గిపుల్ల గీసిందని వాళ్లు అనలేదు. గాలి వేడెక్కితే దాని దాహం పెరుగుతుంది. ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఆ తేమను మట్టిలోంచి, ఆకులోంచి, పడిపోయిన కొమ్మలోంచి లాక్కుంటుంది. నిన్నటిదాకా రెండు బారలు పాకి ఆరిపోయిన నిప్పు ఇప్పుడు గుట్ట ఎక్కుతుంది. ఈ ముక్క ఎనిమిదో తరగతి పిల్లలకు తడిగుడ్డ ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఆరేసి చూపించవచ్చు.

మన దేశం దగ్గరికి వద్దాం. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను గుర్తించి రాష్ట్రాలకు కబురు పంపుతుంది. 2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా ఆ ఉపగ్రహాలు లెక్కపెట్టిన మంటలు 3,45,989. మరుసటి ఏడాది అదే కాలంలో 2,23,333. తర్వాతి రెండేళ్లలో 2,12,249, 2,03,544. తగ్గుతున్నాయి కదా, వాతావరణ మార్పు ఎక్కడుంది అని ఒకరు అడుగుతారు. 2021లో చూడండి ఎంత పెరిగిందో అని ఇంకొకరు. ఇద్దరినీ నమ్మనక్కరలేదు. 2022 మార్చి మన దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా వేడి మార్చి. అయినా ఆ వేసవి మంటల లెక్క అంతకుముందు ఏడాదికన్నా తక్కువే. ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఏదీ తేల్చలేం. పది పన్నెండేళ్లు వరసగా చూడాలి, వానతో, ఎండుటాకుతో, అడవిలోకి పోయిన రోడ్లతో కలిపి చూడాలి.

ఇంకో సంగతి. ఆ ఉపగ్రహానికి మంట ఒక చుక్క. ఇప్పుడు వాడుతున్నవాటిలో మెరుగైనది కూడా భూమిని సుమారు 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. పోడు చెక్కలో కొట్టి ఎండబెట్టిన కంపకు పెట్టిన నిప్పూ, కొండంతా పాకిన కార్చిచ్చూ, రెండూ చుక్కలే. చుక్క పేరు చెప్పదు, కారణం చెప్పదు. మన దేశంలో అడవి మంటల్లో చాలావరకు మనుషుల వల్లే మొదలవుతాయన్నది నిజం; పిడుగు మంటలు మనకు తక్కువ. కాని 'మనుషులు' అన్న మాట ప్రెస్ నోటుకు చేరేసరికి 'గిరిజనులు' అయిపోతుంది. రోడ్డు పక్కన బీడీ పారేసిన లారీ డ్రైవరు, విహారానికొచ్చి పొయ్యి ఆర్పకుండా పోయినవాళ్లు, తునికాకు చిగురు కోసం కొమ్మ కొట్టించే కూలి ఖర్చు మిగుల్చుకుని నిప్పు పెట్టించే కాంట్రాక్టరు మనిషి, వీళ్లెవరూ ఆ నోటులో ఉండరు.

అలాగని మన సంఘాల్లో కొందరు యువకులు అంటున్న మాటనూ మేం ఒప్పుకోలేం. ఆదివాసి ఎన్నడూ అడవికి నిప్పు పెట్టడు, అడవి మన తల్లి, అంటారు. వేదిక మీద బాగుంటుంది. పోడు అంటేనే నిప్పు కదా! ఇప్పచెట్టు కింద పువ్వు కనబడడానికి ఆకు కాల్చడం మన గూడేల్లో ఉన్నదే. నిప్పు లేకుండా సామలూ కొర్రలూ ఏ కొండ మీద పండించాం? మనం చెప్పవలసింది నిప్పు పెట్టలేదని కాదు. నిప్పుకు ఒక వేళ ఉంది, ఒక గట్టు ఉంది, కాపలా ఉంది అని. చెక్క చుట్టూ బారెడు వెడల్పున ఊడ్చి, గాలి పడిపోయాక, పై అంచునుంచి కిందికి కాల్చుకుంటూ వచ్చే పద్ధతి పెద్దలకు తెలుసు. అది నేర్చుకోకుండా మిట్టమధ్యాహ్నం అగ్గిపుల్ల గీసి గంప ఎత్తుకుని పోయేవాడు ఆదివాసి అయినంత మాత్రాన వాడి నిప్పు మంచి నిప్పు అయిపోదు. అందులోనూ, తాతల నాటి వేళలు ఇప్పటి ఎండకు సరిపోతున్నాయా అన్నది గూడెంలో కూర్చుని తేల్చుకోవలసిన మాట. ఆకు కాల్చే పని తప్పించడానికి మధ్యప్రదేశ్‌లో, చత్తీస్‌గఢ్‌లో చెట్టు కింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు. పువ్వు శుభ్రంగా ఉంటుంది కనుక ధర కూడా ఎక్కువ వస్తుంది.

నిప్పును పూర్తిగా నిషేధిస్తే అడవి బాగుంటుందన్న నమ్మకం తెల్లదొరల నాటిది. 1882 మద్రాసు అటవీ చట్టం మొదలు 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం దాకా రిజర్వు అడవిలో నిప్పు నేరమే. విచిత్రమేమంటే ఆ దొరల ఫారెస్టు ఆఫీసర్లలోనే కొందరికి అనుమానం వచ్చింది. బర్మాలో నిప్పు ఆపిన టేకు అడవుల్లో కొత్త టేకు మొలకలు రావడం లేదని చూసి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అక్కడ కొన్నిచోట్ల నిప్పు కాపలా ఎత్తేశారు. అస్సాం, ఉత్తర బెంగాల్ సాల అడవుల్లోనూ అదే తగాదా నడిచింది. దొర తెలుసుకుంటే శాస్త్రం, మనం చెబితే మొండితనం.

కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ కొండల్లో సోలిగలు ఉన్నారు. ఏటా వేసవి ముదరక ముందే నేల మీది ఎండుటాకును పైపైన కాల్చేవారు. దాన్ని వాళ్లు 'తరగు బెంకి' అంటారు, అంటే ఎండుటాకు నిప్పు. 1974లో ఆ కొండలు అభయారణ్యమయ్యాయి, నిప్పు ఆగిపోయింది. తర్వాత ఏళ్లలో లంటానా కంప అడవి కిందంతా అల్లుకుంది. ఉసిరిచెట్ల మీద బదనికలు పెరిగాయి. నిప్పు ఆగడం వల్లే ఇలా అయిందని సోలిగలు చెబుతూ వచ్చారు. అక్కడ పనిచేసిన పరిశోధకులు ఆ మాటను తీసుకుని పరిశీలించి రాశారు. లంటానా గుబురు అంటుకుంటే మంట నేల మీద ఆగదు, పైకొమ్మకు ఎక్కుతుంది. 2011లో సోలిగలకు అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పత్రాలు వచ్చాయి. పులుల అభయారణ్యంలో అలా రావడం దేశంలో అదే మొదటిసారి. మన నల్లమలలో చెంచు పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ సోలిగల సంగతి తప్పక చెప్పాలి. 'అడవులు తరగడానికి కారణాలు రాయండి' అన్న ప్రశ్నకు మొదటి జవాబుగా పోడు వ్యవసాయం అని రాయించే చోట ఇది మరీ అవసరం. తన తాత పేరు నేరస్థుల జాబితాలో తన చేత్తోనే రాసి రెండు మార్కులు తెచ్చుకునే పిల్లవాడిని మనం తయారుచేస్తున్నాం.

సాహిత్యం చదివేవారికి ఒక మాట. భారతంలో ఖాండవ దహనం ఉంది. కృష్ణార్జునులు అగ్నికి అడవిని అప్పగించి, పారిపోబోయిన ప్రాణులను మళ్లీ మంటల్లోకే తోలారు. ఇరావతి కర్వే తన 'యుగాంత'లో ఆ దారుణాన్ని నిలదీసింది. తెలుగులో మాత్రం అది చాలాకాలం పరాక్రమ ఘట్టంగానే చదివించారు. ఎవరు నిప్పు పెడితే వీరత్వం, ఎవరు పెడితే నేరం అన్నది మొన్న మొన్న మొదలైన వాదన కాదు.

కరువు సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. 2023 ఆగస్టులో దేశంలో వాన మామూలుకన్నా 36 శాతం తక్కువ, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. అది ఎల్‌నినో ఏడాది. ఎల్‌నినో ఎప్పటినుంచో ఉన్నది, కనుక దీనికి వాతావరణ మార్పుతో పనిలేదని కొందరు అన్నారు. వాన ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు ఆ జవాబు కొంతవరకు సరే. కాని తగ్గిన వాన పడిన నేల ఇదివరకటికన్నా వేడిగా ఉంది. అదే లోటు వాన ఇప్పుడు చెలమను ముందుగా ఎండగడుతుంది. శాస్త్రవేత్తల ఐపీసీసీ నివేదిక 2021లో చెప్పినదీ ఈ తరహాలోనే ఉంది: కొన్ని ప్రాంతాల్లో నేల కరువు పెరిగింది, ఆవిరి ఎక్కువ పోవడం అందుకు ఒక కారణం. 'కొన్ని ప్రాంతాల్లో' అన్న మాటను మింగేసి అన్ని కరువులకూ అదే కారణమని చెప్పే ఉపన్యాసకులు మన పక్షమే అయినా మనకు మేలు చేయరు. ఎందుకంటే అధికారులకు ఆ మాట చాలా ఇష్టం. చెక్‌డ్యామ్ తెగి మూడేళ్లయినా కట్టకపోతే, ఊట పైన రాతి క్వారీకి అనుమతి ఇస్తే, ఏం చేస్తాం వాతావరణ మార్పు అంటారు. భూమి వేడెక్కడం నిజమే. క్వారీ కాగితం మీద సంతకం మాత్రం ఒక మనిషిదే.

కరువు మండలం ప్రకటించడానికి వాన లోటు, వాన పడని రోజులు, పంట విస్తీర్ణం, నేల తేమ వంటివి చూస్తారు. ఇప్పపువ్వు రాలలేదనో, చింతపండు కాయలేదనో, తునికాకు చిన్నదైందనో చూసే గడి అందులో లేదు. ఏజెన్సీలో సగం బతుకు ఆ గడి బయటే ఉంది.

చివరగా డబ్బు సంగతి. ఉత్తర ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసులు వానలు లేని పొడికాలం మొదట్లోనే చిన్న చిన్న మంటలు పెట్టి, పొడికాలం చివరి పెద్ద మంటలను తగ్గిస్తున్నారు. 2006 నుంచి దానికి కూలి వస్తోంది. ఇచ్చింది ఒక పెద్ద గ్యాస్ కంపెనీ, తన పొగకు లెక్క సరిపెట్టుకోవడానికి. ఆదివాసి తెలివికి విలువ కట్టారని సంతోషించాలా? ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడు గుర్తొస్తాడు. అయినా ఆ కూలితో అక్కడి పిల్లలు తిరిగి తమ భూమి మీదికి వచ్చారన్నదీ నిజమే. మన దగ్గరా కార్బన్ క్రెడిట్ ఏజెంట్లు కాగితాలు పట్టుకుని గూడేలకు వస్తే సంతకానికి ముందు అడగవలసింది, నిప్పు మీద నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందని. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం సామూహిక అడవిని కాపాడే హక్కు, అధికారం గ్రామసభకు ఉన్నాయి. గ్రామసభ తీర్మానం లేని ఒప్పందానికి మన వేలిముద్ర ఎందుకు?

ఫారెస్ట్ సర్వే పంపే మంట కబురు ఎవరైనా పేరు నమోదు చేసుకుంటే ఫోనుకే వస్తుంది. ఆఫీసుకు వెళ్లే చుక్కే మన ఉపాధ్యాయుడి ఫోనులోకీ వస్తుంది. ఆ రోజు సాయంత్రమే ఇద్దరు కుర్రవాళ్లు వెళ్లి చూసి, గ్రామసభ పుస్తకంలో రాయాలి: తేదీ, చోటు, ఎవరు మొదట చూశారు, ఎక్కడినుంచి పాకింది, కింద ఏముంది, లంటానానా, గడ్డా, జామాయిలా, ఎన్ని గంటలకు ఆర్పారు, అటవీ సిబ్బంది ఎప్పుడు వచ్చారు. పక్క పేజీలో ఆ ఏడు ఇప్ప ఎప్పుడు పూసింది, చెలమ ఏ రోజు ఎండింది. బీట్ ఆఫీసరు రాసిన కాగితంతో పాటు ఈ పుస్తకం కూడా తహసీల్దారు బల్ల మీద ఉండాలి.